ఆకలి అన్నవాడికి వాక్యమే పెట్టండి

సంఘం డబ్బు నిలవాలంటే రెండు పనులు ఒకేసారి జరగాలి. కానుకల సంచి నిండాలి, అందులోంచి పేదవాడి చేతికి పైసా పోకూడదు. ఈ రెండూ సాధించిపెట్టేది సువార్త ప్రకటన. ఆత్మకు ఆహారం పెడుతున్నామని చెప్పేవాణ్ణి కడుపు సంగతి అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. సంఘ పెద్దలకూ, ట్రెజరర్లకూ, కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్లకూ మేలు జరగాలనే ఈ చిట్కాలు రాస్తున్నాను. వీటికి ఒళ్లు వంచక్కర్లేదు. నోరు ఆడితే చాలు.

1. వాక్యాన్ని సగంలో ఆపడం నేర్చుకోండి.

మిగతా చిట్కాలన్నీ దీని మీదే నిలుస్తాయి కాబట్టి దీన్ని బాగా సాధన చేయండి. మనిషికి రొట్టె ఒక్కటే చాలదన్న మాటతో మొదలుపెట్టండి. నలభై రోజుల ఉపవాసం తర్వాత యేసు తన ఆకలి గురించి అన్న మాట అది. మీరు దాన్ని ఎదుటివాడి ఆకలికి వాడండి. తర్వాత, బీదలు ఎప్పుడూ మనతోనే ఉంటారన్న మాట పట్టుకోండి. మార్కు సువార్తలో దాని వెంటనే, మీకు ఇష్టమైనప్పుడల్లా వాళ్లకు మేలు చేయవచ్చన్న మాట వస్తుంది. అక్కడికి రాకముందే దగ్గండి, కండువా సర్దుకోండి, పాట ఎత్తుకోండి. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలో ఇదే సంగతికి చెయ్యి చాపి ఇవ్వాలనే ఆజ్ఞ కూడా తగిలించి ఉంది. ఆ పేజీ తిప్పకండి.

అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయం మనకు చాలా అక్కరకొస్తుంది. వాక్యం వదిలి భోజనాల బల్ల దగ్గర నిలబడటం తమకు తగదని అపొస్తలులు అన్న చోటు గట్టిగా చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందన్న సంగతి దానికి ముందుంది. ఆ వడ్డన సరిచేయడానికి ఏడుగురిని నియమించిన సంగతి తర్వాతుంది. ముందూ వెనకా వదిలేయండి. ఆ ఏడుగురిలో మొదటి పేరు స్తెఫనుదనీ, వడ్డనకు నియమించిన ఆయనే సంఘానికి తొలి హతసాక్షి అయ్యాడనీ యువకులకు తెలియనివ్వకండి. తెలిసిందా, గరిటెలు పట్టుకుంటారు. యాకోబు పత్రికలో 2వ అధ్యాయం దాటేసి 3వ అధ్యాయానికి వెళ్లండి. నాలుక గురించి గంటసేపు చెప్పవచ్చు, ఖర్చు లేదు.

2. చెయ్యి జేబులోకి పోయే లోపు తల మీద పెట్టండి.

ఆరాధన ముగిశాక ఒక విధవరాలు దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయండీ" అంటుంది. ఎన్ని కిలోలు కావాలో ఆమె చెప్పకముందే "ప్రార్థన చేద్దాం తల్లీ" అనండి. కళ్లు మూయండి. సృష్టి నుంచి మొదలుపెట్టి, ఐగుప్తు మీదుగా, ఎడారిలో మన్నా కురిసే దాకా తీసుకెళ్లండి. ఆమె ఎక్కాల్సిన షేర్ ఆటో వెళ్లిపోయేదాకా ఆమెన్ అనకండి. పోయేటప్పుడు చేతిలో కరపత్రం పెట్టండి. వట్టి చేతులతో పంపామన్న మాట మన మీదికి రాదు.

వచ్చే ఆదివారం ఆమె మళ్లీ వస్తుంది. అప్పుడు మైకు ఇచ్చి, "సాక్ష్యం చెప్పమ్మా" అనండి. నలుగురి ముందు నిలబడ్డ మనిషి పస్తున్నానని చెప్పదు, దేవుడు పోషిస్తున్నాడనే చెబుతుంది. ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. మూడోసారి అడిగితే వినిపించండి. ఇంతవరకూ ఇది విఫలమైనట్టు నేను ఎక్కడా చూడలేదు.

3. అల్పులు ఎవరో కమిటీలో తేల్చండి.

అల్పుల్లో ఒక్కడికి చేసింది తనకే చేసినట్టని రాజు చెప్పే తీర్పు ఘట్టం మత్తయి 25లో ఉంది. దాన్ని దాచలేం, అందరికీ తెలుసు. అందుకే అల్పుల సంఖ్య తగ్గించండి. ముందు విశ్వాసులు మాత్రమే అనండి. తర్వాత మన డినామినేషన్ వాళ్లు. తర్వాత మన సంఘంలో పేరున్నవాళ్లు. తర్వాత చందా బకాయి లేనివాళ్లు. చందా కట్టగలిగినవాడికి సాయం అక్కర్లేదు కాబట్టి పట్టిక అక్కడితో ఖాళీ అవుతుంది. మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి.

4. చరిత్రను కూడా సగమే చెప్పండి.

ఒంగోలు క్లౌ దొర పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు. కంగారు పడకండి. 1876-78 నాటి పెద్ద కరువులో ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆయన సంకోచించాడు. "చూశారా, అంతటి దొరే కడుపునూ సువార్తనూ కలపలేదు!" అనండి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందని గొంతెత్తి చెప్పండి. ఆ అంకెకు సభలో చప్పట్లు మోగుతాయి.

ఆ రెంటి మధ్య ఆయన ఏం చేశాడో మాత్రం నోట రానివ్వకండి. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చాడు. బోధకులు ఆ తవ్వకం దగ్గరే, కూలీల మధ్యే ఉండి సువార్త చెప్పారు. మట్టి తట్టలు మోసినవాళ్లలో చాలామంది మాదిగ పల్లెల వాళ్లు, అంటే ఇవాళ మన బెంచీల మీద కూర్చున్నవాళ్ల ముత్తాతలు. ఈ సంగతి బయటపడితే సంఘం మనల్ని కాంట్రాక్టులు పట్టమంటుంది, తిండి పెట్టమంటుంది, అదీ లెక్క చూపి. అంత పని ఎవరు చేస్తారు? గుంటూరులో ఆసుపత్రి కట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ గురించైతే అసలు ఎత్తకండి. ఆవిడ కథలో సగం చేయడానికి వీలైన చోటు దొరకదు.

5. పేదల నుంచి తీసుకోవడంలో మొహమాటపడకండి.

ఇవ్వడం గురించి బోధిస్తే అది ఒకవైపే నడవాలి. దోర్నకల్ ప్రాంతంలో అజరయ్య బిషప్ కాలంలో, అన్నం వండే ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు బియ్యం తీసి గుడికోసం పక్కన పెట్టేది. ఆ ఆచారాన్ని మీ ఊళ్లో తప్పక నిలబెట్టండి. అన్నం తక్కువైన ఇంట్లో కూడా పిడికిలి ఉంటుంది. కోత పండుగకు గుమ్మడికాయలూ, కోళ్లూ, బియ్యం బస్తాలూ వస్తాయి. పొద్దుగూకే లోపు అన్నీ వేలం వేసేయండి. ఒక్క బస్తా మిగిలినా, దాన్ని ఎవరి ఇంటికి పంపాలన్న ఆలోచన మొదలవుతుంది.

6. వచ్చింది వచ్చినట్టు ఖర్చు చూపించండి.

ఉజ్జీవ కూటాలు మూడు రోజులు పెట్టండి. ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ తెర, కీబోర్డు, ప్యాడ్స్, వక్తకు ఏసీ గది. ఇవన్నీ సువార్త ఖర్చులు, అడిగినవాడు సువార్తకు అడ్డొచ్చినవాడు. కొంత మిగిలితే మందిరం ప్లాను గీయించి ఫ్లెక్సీ మీద మెదక్ చర్చి బొమ్మ వేయించండి. 1924 క్రిస్మస్ రోజున తెరిచారని కింద రాయించండి. కరువులో పనిలేనివాళ్లకు పనీ తిండీ దొరకాలని పోస్నెట్ దొర ఆ కట్టడం నడిపించాడన్నది రాయించకండి. ఫ్లెక్సీ మీద చోటు చాలలేదని చెప్పవచ్చు.

7. సాకులు వాడండి, ఒకదాన్నే అరగదీయకండి.

ఇస్తే సోమరులవుతారు. బియ్యం కోసం మతం మారారని లోకం అంటుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కనుక ఎంత ఇచ్చామో చెప్పలేం. ఎఫ్‌సీఆర్‌ఏ రూల్స్ ఒప్పుకోవు. ఆ చట్టం విదేశీ విరాళాలకే, పక్కింటి బియ్యానికి వర్తించదు, అయినా పేరు వినగానే అందరూ ఊరుకుంటారు.

8. ఖాళీ అవుతుంటే బెదరకండి.

ముందు అడిగేవాళ్లు రావడం మానేస్తారు. తర్వాత పిడికెడు బియ్యం తెచ్చే ఆడవాళ్లు, వాళ్ల వెంట పిల్లలు. యువకులు ఏ రక్తదాన శిబిరంలోనో తేలతారు. మందిరంలో చంటిపిల్లల ఏడుపు ఉండదు, ప్రసంగానికి అడ్డు ఉండదు, గేటు దగ్గర చెయ్యి చాపేవాళ్లు ఉండరు. ఎన్నాళ్లుగానో కోరుకున్న ప్రశాంతత ఇదే! కమిటీ ఒక్కటే మిగులుతుంది, తీర్మానాలకు కోరం సరిపోతుంది. కుర్చీలు అద్దెకివ్వండి. డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీ పడ్డాక పాస్‌బుక్ ప్రింట్ చేయించి, వచ్చే నెల కూటాలకు పేరున్న వక్తను పిలవండి. వినడానికి ఎవరూ లేరన్న సంగతి ఆయన రైలెక్కాకే చెప్పండి.