అత్తగారి ‘ఒక్కటే’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “ఒక్కటే బాబూ, వేయించుకోండి! పండగ పూట ఏం కాదు.”

అవతారిక: సంక్రాంతికి గోదావరి జిల్లాలోని అత్తవారింట అరిటాకు ముందు కూర్చున్న కొత్త అల్లుణ్ణి ఉద్దేశించి, అరిసెల పళ్లెం చేతబట్టిన అత్తగారు పలికిన వాక్యమిది.

టీక: బాబూ = ఓ అల్లుడా; ఒక్కటే = ఒక్కటి మాత్రమే (ఇదివరకు ఆకులో పడినవి లెక్కకు రావని భావం); వేయించుకోండి = వడ్డింపజేసుకొనుడు; పండగ పూట = భోగి తెల్లవారుజాము మొదలు ముక్కనుమ రాత్రి వరకు గల కాలమునందు; ఏం కాదు = ఏ కీడును కలుగదు.

విశేషం: ‘వేయించుకోండి’లో శ్లేష ఉంది. నూనెలో వేయించడమనే అర్థమూ స్ఫురిస్తుంది. అరిసె విషయంలో రెండూ చెల్లుతాయి. తడి బియ్యప్పిండిని బెల్లప్పాకంలో కలిపి, తట్టి, నూనెలో వేసి తీసి చెక్కల మధ్య నొక్కుతారు. కారే నూనెను చూసి అంతా పోయిందనుకోవడం భ్రాంతి. బెల్లమేగా, షుగరున్నా పర్వాలేదన్నది పెదమామగారి వ్యాఖ్య, అప్రమాణం. కాసిని ఖనిజాలున్నా బెల్లంలో అధికభాగం పంచదారే. ఇంకో మాత్ర ఎక్కువ వేసుకుంటే సరన్న ఆయన రెండో వ్యాఖ్య కేవలం అప్రమాణం కాదు, ప్రమాదం.

పూర్వపక్షం: బావమరిది ఫోనులో క్యాలరీలు లెక్కగట్టి, తనకు ఓట్సూ మజ్జిగా చాలన్నాడు. ఈ మతం నిలవదు. ఇల్లు సద్దుమణిగాక జంతికల డబ్బా మూత చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆయనే. ప్రత్యక్షానికి మించిన ప్రమాణం లేదు.

సిద్ధాంతం: కడుపులో రెండు పాళ్లు ఆహారానికి, ఒక పాలు పానీయానికి ఇచ్చి, నాలుగోది వాయువుకు విడవాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అరిసె వద్దనలేదు, చోటు చూసుకోమన్నాడు. కనుక ఏడాదికోసారి కనబడేవాటికి చోటు పెట్టుకుని, రోజూ ఉండే తెల్లన్నానికి మారు అడగడం మానాలి. ముందు కూరా పప్పూ తిని, ఆపైన అన్నమూ తీపీ ముట్టుకుంటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదని నేటి వైద్యం. కడుపు నిండిన కబురు మెదడుకు చేరేసరికి ఇంచుమించు 20 నిమిషాలు పడుతుంది. అత్తగారు వంటింట్లోంచి రావడానికి అందులో పదోవంతు చాలు. చిక్కంతా ఇక్కడే ఉంది. నెమ్మదిగా నమలడం, నడుమ మరదళ్ల వేళాకోళానికి జవాబులివ్వడం దీనికి ఉపాయం.

భుక్తాయాసంతో మంచమెక్కక, ముగ్గులు చూసే మిషతో ఓ పావుగంట వీధి చివరిదాకా నడవాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు గానీ, అది ఊరి ప్రయాణాలకే వర్తిస్తుందని మా అభిప్రాయం.

తాత్పర్యం: అత్తగారు వేసిన ఆ ఒక్కటీ మనసారా తినాలి, రెండోదానికి ‘రాత్రికండీ’ అంటూ చేయి అడ్డం పెట్టాలి. అసలు గండం ఆకులో లేదు. తిరుగు ప్రయాణంలో కారు డిక్కీలోకి ఎక్కే స్టీలు డబ్బాలో ఉంది. హైదరాబాదులో టీవీ ముందు మాఘమాసం దాకా సాగే పండగ అదే. ఆ డబ్బాను తిన్నగా ఆఫీసుకు చేర్చడం ఉత్తమం.

పాఠాంతరం: అమ్మమ్మగారి ప్రతిలో ‘ఒక్కటే’ అన్నచోట ‘రెండే’ అని ఉంది, ఒంటిగా వడ్డించకూడదట. ఏ పాఠం గ్రాహ్యమో తేలేలోగా, అడ్డం పెట్టిన అల్లుడి చేతి మీదే రెండోది పడింది.