గురి నాది, గెలుపు వాళ్లది

మా అమ్మాయి కంప్యూటర్లో వాలరెంట్ అనే తుపాకుల ఆట ఆడుతుంది. ఐదుగురి జట్టులో ఒకరు తగ్గినప్పుడు, ఇంకెవరూ దొరక్కపోతే, నన్ను పిలుస్తుంది.

పిలవాలే గానీ నేనెప్పుడూ తయారే. కాలేజీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాణ్ణి. ఈ సంగతి అడిగినా అడక్కపోయినా అందరికీ చెబుతుంటాను. పైగా రోజూ సాధన కూడానండోయ్. ఇంట్లోవాళ్లు లేవకముందే ఆటలోని ప్రాక్టీస్ రేంజ్‌లో దూరి బొమ్మల తలలు పగలగొడుతుంటాను. ఒక్కో విడతకి 30 బొమ్మలు. వాండాల్ తుపాకీతో తలకి ఒక్క గుండు తగిలితే చాలు, ఎంత దూరంలో ఉన్నా, కవచం తొడుక్కున్నా సరే, వాడి పని సరి. ఆ బొమ్మల్లో ఇంకో సుగుణం ఉంది. అవి వెనకనుంచి రావు.

మనుషులు వస్తారు.

మొన్న స్పైక్, అంటే ఈ ఆటలో బాంబు, మేమే పెట్టాం. పెట్టాక 45 సెకన్లకి పేలుతుంది. దాన్ని తీసెయ్యాలంటే ఎదుటిపక్షానికి 7 సెకన్లు పడుతుంది. నేనేమో వాండాల్ పట్టుకుని శత్రువుని వెతుక్కుంటూ ఉరికాను. పరుగెడితే అడుగుల చప్పుడు అవతలివాళ్లకి వినిపిస్తుంది, షిఫ్ట్ నొక్కి నడిస్తే వినపడదు. అయినా వీరుడన్నవాడు షిఫ్ట్ నొక్కుతాడా? మూల తిరిగీ తిరగ్గానే పోయాను.

వెనక చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తున్న మా ఆవిడకి ఈ ఆట పేరు కూడా తెలీదు.

"బాంబు పెట్టింది మీరైతే, కంగారు పడాల్సింది వాళ్లు కదండీ? మీరెందుకు పరుగెత్తారు?" అంది.

అమ్మాయి హెడ్‌సెట్ తీసేసి, "అమ్మా, ఈసారి నువ్వు ఆడతావా?" అని అడిగింది. నా ముందే.

ఆట తెలీకపోయినా, అడుగుల చప్పుడు పసిగట్టడం ఆవిడకి కొత్తేం కాదు లెండి. ఆ రాత్రే నేను మునివేళ్ల మీద వంటింట్లోకి వెళ్లాను. లైటైనా వెయ్యలేదు. పడగ్గదిలోంచి గొంతు వినిపించింది: "కాజాలు అక్కడ లేవండీ."

మా అమ్మాయి సలహా ఏమిటంటే, గురి చూడటం పొద్దున్న పదిహేను నిమిషాలు చాలట. మిగతా టైము, నేను చచ్చాక జట్టులోవాళ్లు ఎక్కడ నిలబడుతున్నారో, ఎప్పుడు ఆగుతున్నారో చూసి నేర్చుకోవాలట. నిజమే. ఆ చూడటానికి నాకు దొరికినంత తీరిక జట్టులో ఇంకెవరికీ దొరకదు.

మీ పిల్లలకి ఎప్పుడైనా ఐదో మనిషి కావాలంటే మొహమాటపడకుండా కబురు పెట్టండి. ఎదుటిపక్షం బొమ్మలే అయితే మరీ సంతోషం.