సార్ లీవులో ఉన్నారండి!

“సార్ లీవులో ఉన్నారండి. ఇవాళ వేరే డాక్టరు చూస్తారు. పర్లేదా?”

పర్లేదా అన్నది మర్యాద కోసం. పర్వా ఉందంటే మాత్రం ఏం చేస్తారు? భుజమ్మీద నూటమూడు జ్వరంతో పిల్లాడు. తెచ్చిన ఆటో వెళ్లిపోయింది. ఓపీ డబ్బులు కట్టేశారు. కాబట్టి పర్లేదు. వచ్చే నెల కూడా సార్ లీవే. ఆపై నెలా లీవే. ఓ రోజు చూస్తే బోర్డు మీద సార్ పేరున్న చోట తెల్ల స్టిక్కరు. సార్ లీవులో లేరు. అసలు ఆస్పత్రిలోనే లేరు. ఎక్కడికెళ్లారమ్మా? “తెలీదండి.” ఎందుకు తెలీదు? తెలుసు. చెబితే ఉద్యోగం ఊడుతుందనీ తెలుసు.

ఇక మళ్లీ మొదటికి. కొత్త డాక్టరు. పాత ప్రశ్నలు. ఎన్నో నెలలో పుట్టాడు? పుట్టగానే ఏడ్చాడా? కామెర్లు వచ్చాయా? ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉందా? మొదటి డాక్టరుకి తల్లి పూసగుచ్చినట్టు చెప్పింది. మూడో డాక్టరు దగ్గరికొచ్చేసరికి సగం చెప్పింది. ఐదో ఆయనకి “అంతా నార్మలే సార్” అనేసింది. పాపం ఎన్నిసార్లని చెబుతుంది? అమాక్సిసిలిన్ వేస్తే వాడి ఒళ్లంతా దద్దుర్లు లేచిన సంగతి ఆ చెప్పని సగంలో ఉండిపోయింది. ఐదో ఆయన కొత్త ప్రిస్క్రిప్షన్ మీద మొదటి మందు ఏం రాశాడో చెప్పమంటారా?

రికార్డులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. చీరల షాపువాడిచ్చిన కవర్లో ఉన్నాయి. ఒకసారి విప్పి చూడండి. మడతల దగ్గర నాలుగు ముక్కలైన చీటీలు. అచ్చు ఎగిరిపోయి తెల్లబోయిన రక్తపరీక్ష రసీదు. పసుపు మరకల టీకాల కార్డు. ఓ చీటీ మూలన పెన్నుతో 9.4 కేజీలు. తేదీ ఉండాల్సిన చోట సిరప్ మరక. ఈ దేశంలో పసివాడి ఆరోగ్య చరిత్ర ఇదీ. దీనికి క్యూరేటరు అమ్మ. జీతం లేదు. లీవు అసలే లేదు.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. ప్రతి ఒక్కరికీ 14 అంకెల ‘ఆభా’ నంబరు. ఏ ఆస్పత్రికెళ్లినా మీ చరిత్ర మీ వేలికొసన అన్నారు. సంతోషం. ఆ 14 అంకెలూ పెద్దాస్పత్రిలో ఓపీ క్యూ కాస్త ముందుకు కదలడానికి పనికొస్తున్నాయి. వీధి చివరి పిల్లల క్లినిక్కులో ఆ నంబరు చెప్పి చూడండి. “ఫోన్ నంబరు చెప్పండి చాలు” అంటారు. చట్టం సంగతో? ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. భేష్. మరి ఓపీ చీటీలు? పిల్లల జబ్బుల్లో అధికభాగం నడిచేది ఓపీలోనే కదా? దానికి అమ్మ ఉంది. కవరు ఉంది.

“పాత డాక్టరే కావాలి” అంటే నవ్వుతారు. ఎంబీఏ చదివిన మేనేజరు మరీ నవ్వుతాడు. “హస్తవాసి సెంటిమెంటండీ వీళ్లకి. మా దగ్గర ప్రోటోకాల్ ఉంటుంది. ఏ డాక్టరు చూసినా ఒకటే.” ఒకటేనా? ఐదేళ్ల లోపు పిల్లాడికి పిల్లికూతలతో ఆయాసం వచ్చింది. అది ఆస్తమా కావచ్చు. జలుబు వైరస్సు కావచ్చు. ఒక్కసారి చూసి తేల్చేయగల మొనగాడు ఎక్కడా లేడు. ఇది ఎన్నోసారి? చలికాలమేనా? రాత్రిళ్లా? పోయినసారి దేనికి లొంగింది? ఈ ప్రశ్నలకు జవాబు స్టెతస్కోపులో ఉండదు. చూసిన మనిషి బుర్రలో ఉంటుంది. డాక్టరు మారిన ప్రతిసారీ అది ‘మొదటిసారే’. ఐదుగురు డాక్టర్లు, ఐదు మొదటిసార్లు, ఐదు ఎక్స్‌రేలు, ఐదు యాంటిబయాటిక్కులు. ఆస్తమా అన్న మాట మాత్రం ఏ చీటీలోనూ ఉండదు.

జ్వరం ఫిట్స్ తీసుకోండి. నిమిషమో రెండు నిమిషాలో కొట్టుకుని, కాసేపటికి లేచి ఆడుకునే రకం. భయంకరంగా కనిపిస్తుంది. చాలామటుకు వయసుతో పోతుంది. మామూలు జ్వరం ఫిట్సుకి ఈఈజీ, మెదడు స్కానింగ్ అక్కర్లేదని పిల్లల వైద్యమంతా ఒప్పుకున్న మాట. పోయినేడు ఈ పిల్లాడికే ఇలాగే వచ్చి పోయిందని ఎరిగిన డాక్టరు మెడ వంచి చూస్తాడు, చెవులు చూస్తాడు, జ్వరం ఎందుకొచ్చిందో వెతుకుతాడు, తల్లికి ధైర్యం చెబుతాడు. ఎరగనివాడికి ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుంది? అర్ధరాత్రి రెండింటికి, ముక్కూమొహం తెలీని పిల్లాడు. ముందు అడ్మిషన్. ఆ తర్వాత స్కానింగ్. ఆయన తప్పు కూడా కాదు. తెలియనితనానికి ఆస్పత్రిలో బిల్లు పడుతుంది, అంతే.

బరువు అంతకంటే చిత్రం. ఇవాళ పాప 9.4 కేజీలు. మంచిదా, చెడ్డదా? ఎవరూ చెప్పలేరు. ఆరు నెలల కిందటా ఇంతే ఉందా? అయితే ప్రమాదం. ఆ గీత ఎవరు గీయాలి? గ్రోత్ చార్టు అచ్చేసి గోడకి ఫ్రేము కట్టించారు. దాని మీద చుక్క పెట్టే చెయ్యి మాత్రం నెలకొకటి.

నార్వేలో 2001లో ప్రతి పౌరుడికీ ఒక సొంత డాక్టర్ని కేటాయించారు. తర్వాత లక్షల మంది లెక్కలు తీశారు. ఏడాది లోపు పరిచయమున్న డాక్టరుతో పోలిస్తే, 15 ఏళ్లు దాటి ఒకే డాక్టరున్న వాళ్లలో వేళకాని వేళ వైద్యానికి పరుగులు దాదాపు 30 శాతం తక్కువ. ఆస్పత్రిలో చేరడం 28 శాతం తక్కువ. చావులు 25 శాతం తక్కువ. ఈ కాగితం పట్టుకెళ్లి మన చైర్మన్‌గారికి చూపించండి. కళ్లజోడు సర్దుకుని చదువుతారు. “అడ్మిషన్లు 28 శాతం తగ్గుతాయా? వెంటనే ఆ పాత డాక్టర్ని పంపించేయండయ్యా!”

అక్షరాలా అదే జరుగుతోంది. కొత్త బ్రాంచి పెడతారు. ఊళ్లో పేరున్న పిల్లల డాక్టర్ని మినిమమ్ గ్యారంటీ ఇచ్చి తెస్తారు. హోర్డింగు మీద నిలువెత్తు ఫొటో. ఆయన్ని నమ్మి ఊరంతా వెళుతుంది. ఏడాదో రెండేళ్లో గడుస్తాయి. గ్యారంటీ అయిపోతుంది. అప్పుడు టార్గెట్లు. ఓపీలో ఎంతమందిని చూశావు, అందులో ఎంతమందిని బెడ్డెక్కించావు? దానికి ముద్దుపేరు కన్వర్షన్. ఎక్కించకపోతే సార్‌కి పొగ. పొగ భరించలేక వెళ్లిపోతాడు. పిల్లలు ఆస్పత్రి ఖాతాలో మిగిలిపోతారు. అసలు వ్యాపారం ఇదే. నమ్మకం డాక్టరు తెచ్చాడు. దాని మీద బ్రాండు వేసుకున్నది వీళ్లు.

సర్కారు ఊరుకుంటుందా? అది ఏకంగా పథకానికే ఫ్యామిలీ డాక్టరని పేరు పెట్టింది. 2023 ఏప్రిల్ 6న ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా లింగంగుంట్లలో అట్టహాసంగా మొదలు. 104 బండిలో నెలకు రెండుసార్లు ఊరికి డాక్టరు. ఆ ఊళ్లకు అదే డాక్టరు. పేరు పెట్టి పలకరిస్తాడట. ఆలోచన నిజంగా బంగారం. ఫ్యామిలీ సరే. డాక్టరో? పీహెచ్‌సీ డాక్టరుకి పీజీ సీటొస్తే వెళతాడు. బదిలీ వస్తే వెళతాడు. డిప్యుటేషన్ వేస్తే వెళతాడు. ఏడాది తిరిగిందో లేదో ప్రభుత్వమే వెళ్లిపోయింది. తెలంగాణలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు. ఇంటి పక్కనే డాక్టరు. కాంట్రాక్టు డాక్టరు! ఇంతకంటే మంచి చోటు దొరికే దాకా ఉంటాడు. ఇక కేంద్రం వాళ్ల రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి చూడాలి. వచ్చిన డాక్టరు పేరు ఏ తల్లినైనా అడగండి. “ఎవరో బండిలో వచ్చారు బాబూ” అంటుంది.

మరి పల్లెలో తరతరాలుగా మారకుండా ఉన్నదెవరు? అర్ధరాత్రి తలుపు కొడితే బండేసుకుని వచ్చేదెవరు? ఎవరింట్లో ఎవరికి ఏ మందు పడదో ఎరిగినదెవరు? ఆర్‌ఎంపీ! చట్టం దృష్టిలో ఆయన డాక్టరే కాదు. జలుబుకీ జ్వరానికీ అదే స్టెరాయిడ్ సూది పొడుస్తాడు. పొడిస్తే పొడిచాడు, పిలిస్తే పలుకుతాడు. చదువున్నవాడు నిలబడడు, నిలబడ్డవాడికి చదువు లేదు. ఈ రెండింట్లో ఒకటి ఏరుకోమని పేదవాడికి వదిలేసి, ఏటా ‘నకిలీ డాక్టర్లపై ఉక్కుపాదం’ అని ఓ ప్రెస్‌మీట్.

మనం మాత్రం తక్కువ తిన్నామా? సాయంత్రం మందేస్తే పొద్దుటికి జ్వరం దిగాలి. దిగలేదా, డాక్టరు వేస్టు. యాంటిబయాటిక్ రాయనివాడికి చేతకాదు. ఓపిగ్గా కూర్చోబెట్టి “వైరల్ ఫీవరమ్మా, మూడ్రోజులు చూద్దాం” అన్నవాణ్ని వదిలేసి, మధ్యాహ్నానికల్లా సెలైన్ ఎక్కించేవాడి దగ్గరికి పరిగెత్తేది మనమే. యాప్‌లో స్టార్లు చూసి బిర్యానీ తెప్పించుకున్నట్టు డాక్టర్ని తెప్పించుకునేదీ మనమే. ఆ తర్వాత, రోజులు మారిపోయాయని బాధపడేదీ మనమే.

పెద్దలకు మాత్రం రోజులు మారలేదు. మంత్రిగారి మనవరాలికి దగ్గొస్తే 104 బండి కోసం ఎదురుచూస్తారా? చైర్మన్‌గారి మనవడికి విరేచనాలైతే “వేరే డాక్టరు చూస్తారు, పర్లేదా” అని అడిగే ధైర్యం ఆ రిసెప్షనిస్టుకి ఉందా? వాళ్లింటికి పాతికేళ్లుగా ఒకే డాక్టరు. ఫోను చేస్తే ఇంటికొస్తాడు. తాతని, తండ్రిని, పిల్లని ముగ్గుర్నీ ఎరుగును. ప్రోటోకాల్ జనానికి. హస్తవాసి వాళ్లకి.

మేమడిగేది ఆకాశంలో చందమామని కాదు. డాక్టరు మానేస్తున్నాడంటే, ఆయన చూసిన పిల్లల ఇళ్లకి ముందుగా ఒక్క మెసేజ్ పెట్టండి. ఎక్కడికెళ్లాడో చెప్పండి. పిల్లాడి కాగితాలు ఓ ఫైల్లో పెట్టి చేతికివ్వండి. సాఫ్ట్‌వేర్ లేదనకండి. ఉగాదికి ప్యాకేజీ ఆఫరు, దసరాకి డిస్కౌంటు, పుట్టినరోజునాడు బెలూన్ల బొమ్మతో టీకా రిమైండరు పంపడానికి మా నంబరు మీ దగ్గర ఉండనే ఉందిగా?