నేను ఎడిట్ లాగ్‌ని

నన్నెవరూ కోరి తెచ్చుకోలేదు. కంపెనీల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో నేను ఉండి తీరాలనీ, నన్ను ఆపేసే వీలు ఉండకూడదనీ కేంద్రం రూలు పెట్టింది. 2021లోనే రావాల్సినదాన్ని. రెండుసార్లు వాయిదా వేసి, చివరికి 2023 ఏప్రిల్ 1న గడప దాటనిచ్చారు. అప్పట్నించీ గుంటూరులో ఓ పత్తి కంపెనీ కంప్యూటర్లో ఉంటున్నాను.

ఎంట్రీ ఎవరు దిద్దినా పాత అంకె, కొత్త అంకె, తేదీ, టైము రాసిపెట్టుకుంటాను. అడ్డుపడను, అరవను. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు కంప్యూటర్లోనే పుట్టాయని దర్యాప్తులో తేలింది. నేనుంటే ఆగేవా? అనుమానమే. అబద్ధాన్ని మొదటిసారే శుభ్రంగా రాసేస్తే నాకు దిద్దుబాటే కనపడదు.

నేను గర్వపడేది మాత్రం ఓ ఏప్రిల్ రాత్రి గురించి. ‘‘ఆ నాలుగో తారీఖు బిల్లు మార్చి 31కి జరపవయ్యా, బ్యాంకు వాళ్లకి టర్నోవర్ కనపడాలి’’ అన్నారు యజమాని. అకౌంటెంట్ చెయ్యి కీబోర్డు మీదే ఆగింది. ‘‘చేస్తానండీ. కాకపోతే లాగ్‌లో పడుద్ది. ఆడిటర్ గారు అడిగితే ఏం చెప్పమంటారు?’’ ఇన్నేళ్ల కొలువులో కాదనడానికి అతనికి దొరికిన మొదటి సాకు నేనే. ‘‘సర్లే, వదిలెయ్’’ అని ఆయన వెళ్లిపోయారు. ఆ రాత్రి నాలో ఒక్క వరసా పడలేదు. నా ఘనకార్యం అదే.

మిగతా రోజుల్లో నా మొహం చూసే దిక్కుండదు. ఆఫీసు మొత్తానికీ ఒకటే పాస్‌వర్డ్, మానిటర్‌కి అంటించిన పసుపు చీటీ మీద. ఎవరు దిద్దినా నాకు ‘అడ్మిన్’ అనే కనపడతాడు. అందరూ సెలవు పెట్టిన రోజున కూడా అడ్మిన్ పనిచేస్తూనే ఉంటాడు, పాపం. సెప్టెంబరులో ఆడిటర్ గారి కుర్రాడొచ్చి, నేను ఆన్‌లో ఉన్నానని టిక్కు పెట్టుకుని, టీ తాగి వెళ్తాడు. లోపల ఏముందో తిప్పి చూడడు. ఎనిమిదేళ్లు భద్రంగా దాచాలట నన్ను! సిస్టం స్లో అయితే తిట్లు మాత్రం నాకే.

ఈమధ్య యజమాని తన భార్య, బావమరిది పేర్ల మీద భాగస్వామ్య సంస్థ ఒకటి తెరిచారు. నా రూలు కంపెనీలకే కాబట్టి అక్కడ నాతో పనిలేదు. తారీఖులు జరగాల్సిన బిల్లులన్నీ ఇప్పుడు అటే పోతున్నాయి. అకౌంటెంట్ అతనే. అక్కడ అతని మాట ‘‘చేస్తానండీ’’ దగ్గరే ఆగిపోతుంది.