లెక్కలు తలకిందులుగా చదవండి

బీకాంలో చేరే పిల్లలకు పెద్దవాళ్లు చెప్పే మాటలు ఎక్కడైనా ఒకటే. డెబిట్, క్రెడిట్ సూత్రాలు బట్టీ పట్టు, అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కుదిరేదాకా లేవకు, త్వరగా ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకో. నేను చెప్పేవి వీటికి ఎదురు సలహాలు. తమిళనాడులోని కంబైనల్లూరులో బస్సెక్కి ధర్మపురికో సేలానికో చదువుకు వెళ్లే తెలుగింటి పిల్లల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు వాళ్లది. బట్టీ పట్టడానికి అలవాటు పడితే ఆ మూడింట్లో ఏ భాషలోనూ లెక్క వాళ్ల సొంతం కాదు.

పాఠ్యపుస్తకం తెరిచే ముందు ఒక దొంగ లెక్క చదవండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. పత్రికలన్నీ ఆ అంకె పట్టుకున్నాయి. మీరు మాత్రం 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికం దగ్గర ఆగండి. చూపిన ఆదాయం 2,700 కోట్లు, నిజం 2,112. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, నిజం 61. కాగితం తీసుకుని రెండు తేడాలూ కట్టండి. రెండూ 588 కోట్లే.

ఎందుకలా? జరగని అమ్మకానికి జీతాలివ్వక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. కల్పించి రాసిన ఆదాయం మొత్తం పైసా తగ్గకుండా లాభంలో తేలింది. మరి ఆదాయాన్ని క్రెడిట్ చేస్తే ఎదురుగా ఏదో ఒకటి డెబిట్ కావాలి. అది బ్యాంకు నిల్వ అయింది. ఆ ఒక్క త్రైమాసికంలోనే లేని నిల్వ 588 కోట్లు పెరిగిందని అదే ఉత్తరంలో ఉంది. జంటపద్దు ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా చూపే పాఠం నాకు మరొకటి తెలియదు. అబద్ధం కూడా రెండు వైపులా రాయాల్సిందే, రెండో వైపు ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. ఈ సంగతి పట్టుబడ్డాక సూత్రాలు బట్టీ పట్టే అవసరం ఉండదు.

అందుకే అంకణా కుదిరిందని సంబరపడకండి. సత్యం లెక్కలు ఏళ్ల తరబడి కుదురుతూనే వచ్చాయి. బోరు మోటారు మరమ్మతు ఖర్చును ఆస్తిగా రాసినా, ఒక బిల్లును పూర్తిగా మరిచిపోయినా అంకణా కుదురుతుంది. అది కుదరడం సగం పని మాత్రమే. పద్దు వెనక కాగితం ఉందా, ఆ కాగితం ఎవరి దగ్గరి నుంచి వచ్చింది అని అడగడం మిగతా సగం. బ్యాంకు నిల్వల సమన్వయ పట్టీని చిన్న పాఠమని దాటేసే పిల్లల్ని చూస్తే నాకు బాధ. సత్యం ఆడిటర్లు బ్యాంకుల నుంచి రావాల్సిన ధ్రువీకరణలను తమ చేతిలో పెట్టుకోకుండా కంపెనీకి వదిలేశారని 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. ఆ చిన్న పాఠం విలువ అంత.

ట్యాలీ మొదటి ఏడాది ముట్టుకోవద్దు. మీరు ఆలోచించాల్సిన చోట అది లెక్క కట్టేస్తుంది.

మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌కు వచ్చేసరికి నా సలహా ఇంకా మొండిది. ఒకే ఒక్క సరైన జవాబు కోసం వెతకకండి. ఫ్యాక్టరీ లెక్కల కన్నా ముందు మీ జిల్లా రాగి చేను లెక్క కట్టండి. ఎకరాకు విత్తనాలు, ఎరువులు, కూలీ కలిపి చేతి నుంచి పోయింది 12,000 అనుకుందాం. ఇంటివాళ్ల రెక్కల కష్టానికి వెల కడితే 8,000. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కడితే 5,000. పంట 22,000కు అమ్మారు. మొదటిదే ఖర్చనుకుంటే 10,000 లాభం. రెండోదీ కలిపితే 2,000 లాభం. మూడూ కలిపితే 3,000 నష్టం. మూడింట్లోనూ కూడిక తప్పులేదు.

మద్దతు ధరలు సిఫారసు చేసే కేంద్ర సంఘం ఈ మూడింటినే ఏ2, ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, సీ2 అంటుంది. ఉత్పత్తి ఖర్చుపై కనీసం 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో చెప్పింది. ఆ ఖర్చు సీ2 కావాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. 2018 నుంచి ప్రభుత్వం ఒకటిన్నర రెట్లు లెక్కిస్తున్నది ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద. అమ్మ పొలంలో కలుపు తీసిన రోజులకు రెండింట్లోనూ కూలి కట్టినట్టే; తాత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కట్టాలా అన్నదే అక్కడి తగువు. దాన్ని తేల్చేది గణితం కాదు, దేన్ని ఖర్చుగా ఒప్పుకుంటామన్నది.

ఈ లెక్క ఇంట్లో కూర్చుని, అమ్మానాన్నల్ని అడిగి, తెలుగులోనే రాయండి. ఆ కాగితం క్లాసుకు పట్టుకెళ్లి, మూడు జవాబుల్లో పుస్తకం దేన్ని ఖర్చంటుందో, ఎందుకంటుందో మాస్టారిని అడగండి. ఆ రోజు పాఠం వెనకబడితే వెనకబడనివ్వండి.