నా ఒంటిమీది రంగులు

నేను ప్లైవుడ్ షీటుని. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమా సెట్లకు సామాను అద్దెకిచ్చే ఒక గోడౌన్ నా ఇల్లు. వెనక చెక్క రీపర్లు కొట్టి నిలబెడితే గోడనవుతాను. పోలీస్ స్టేషన్ గోడనయ్యాను, జమీందారు మేడనయ్యాను, ఆస్పత్రి వార్డునయ్యాను. షూటింగ్ అయిపోగానే మేకులు పీకి లారీ ఎక్కిస్తారు. రంగును మాత్రం ఎవరూ గీకరు. దాని మీదే మళ్లీ ప్రైమర్, మళ్లీ కొత్త రంగు. నా అంచు చిట్లిన చోట చూడండి, పాత సినిమాలన్నీ పొరలుపొరలుగా కనిపిస్తాయి.

మా పెయింటింగ్ మేస్త్రీది శ్రీకాకుళం వైపు పల్లె. అచ్చమైన తెలుపును ఆయన నా మీద ఎప్పుడూ వెయ్యనివ్వడు. లైటు పడగానే తెల్లగోడ మెరిసిపోయి నటుడి ముఖాన్ని మింగేస్తుంది. అందుకని డబ్బాలో కాస్త పసుపు స్టెయినరో నలుపో కలిపి ఆ తెలుపును చంపుతాడు. ఇల్లు పాతబడినట్టు కనిపించాలంటే పల్చటి రంగునీళ్లు పైనుంచి జారవిడిచి, ఆరకముందే గుడ్డతో అద్దుతాడు. అది ఏజింగ్. బ్లాక్ అండ్ వైట్ కాలంలో ఎరుపు, పచ్చ పక్కపక్కన వేసినా తెరమీద ఒకే బూడిదరంగుగా తేలవచ్చు. కాబట్టి ఆనాటి పెయింటర్లు రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నదే చూసుకునేవారు. మేస్త్రీకి పని నేర్పిన పెద్దాయన, 1956లో అమీర్‌పేటలో మొదలైన సారథి స్టూడియోలో ఆ పని చేసినవాడట.

ఒక పల్లెటూరి ఇంటి సెట్టు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఆర్ట్ డైరెక్టర్ ‘ఊళ్లో ఇల్లు’ అని మాత్రమే చెప్పి వెళ్లాడు. మేస్త్రీ బ్రష్షు పట్టలేదు. కుర్రాళ్లను నా ముందు కూర్చోబెట్టి, ‘మీ ఇంటి గోడ ఏ రంగురా?’ అని ఒక్కొక్కరినీ అడిగాడు.

‘మా అవ్వ అరుగులకు జాజు పూస్తదన్నా’ అన్నాడు కరీంనగర్ అబ్బాయి. పాలకొల్లు అతను, సున్నంలో నీలిమందు చుక్క వేసి కొడతామన్నాడు. తాడిపత్రి వాడికి గుర్తొచ్చింది బండరాయి బూడిదరంగు. ‘మా గల్లీల అన్నీ పిస్తా రంగే భాయ్’ అన్నాడు పాతబస్తీ కుర్రాడు, కాస్త బెరుకుగా, పల్లెటూరి సెట్టులో తన మాటకు విలువుండదేమోనని. మేస్త్రీ కిటికీ తలుపులకు ఆ పిస్తా రంగునే వేయించాడు, అదీ ఆ కుర్రాడి చేతనే. అడుగున ఎర్రటి జాజు పట్టీ, పైన నీలం తగిలిన సున్నం, గుమ్మం పక్కన రాతి బూడిద. నా ఒంటిమీద నాలుగు జిల్లాలు కలిసి ఒక ఇల్లయింది. అవి కొట్టుకోకుండా చూసింది మేస్త్రీ. అన్ని డబ్బాల్లోనూ ఒకే గోధుమరంగు స్టెయినర్ రెండేసి చుక్కలు కలిపాడు, అంతే. దాంతో అవి దగ్గరి చుట్టాలైపోయాయి.

ఫోన్‌లో ఫొటో చూపించి ‘అచ్చం ఇదే షేడ్ రావాలి, మాట్లాడకుండా కొట్టండి’ అనే పెద్దలనూ నేను చూశాను. ఆ గోడలు శుభ్రంగా ఉంటాయి. వాటి వెనక ఎవరో కాపురం ఉన్నారని మాత్రం నమ్మకం కలగదు.

మా సెట్టుకు మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ నుంచి ఒక అమ్మాయి పని చెయ్యడానికి వచ్చేది. ఆ కాలేజీకి చాలా చరిత్ర ఉంది, 1940లో మొదలైంది. నా మీద జాజు పట్టీ దిద్దుతూ చిత్రకారుడు తోట వైకుంఠం గారి గురించి చెప్పింది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురు ఛాయ, మండే ఎరుపు, కుంకుమ రంగు చీరలు. పల్లె ఆడవాళ్ల ఆ రంగుల్ని తీసుకెళ్లి ఆధునిక చిత్రకళలో నిలబెట్టాడు. ఆయన మా సినిమావాళ్లకూ దగ్గరివాడే. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ చిత్రానికి, 1988 సంవత్సరపు ఉత్తమ కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నాడు.

‘మరి ఆయనకు గురువెవరమ్మా?’ అన్నాడు మేస్త్రీ.

కె.జి. సుబ్రమణ్యన్ అని చెప్పింది. కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, గుజరాత్‌లోని బరోడాలో పాఠం చెప్పినాయన. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్ కూడా ఆయన శిష్యుడే. ఆ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెడితే ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారని ఎవరూ అనుకోరు. లక్ష్మాగౌడ్‌కు పేరు తెచ్చిన ఎచింగుల్లో సన్నటి నల్లగీతలు, మేకలు, చెట్లు, మనుషులు. వైకుంఠం గారిలో ఆ ఎరుపు. మంచి నాయకత్వానికి ఇంతకు మించిన రుజువు నాకు కనిపించలేదు. శిష్యులు తనలా గీయాలని ఆ గురువు పట్టుబట్టి ఉంటే, మన తెలంగాణ పల్లెలు ఇన్ని రూపాల్లో కాన్వాస్ ఎక్కేవే కావు.

మేస్త్రీ కాసేపు ఆలోచించి, ‘రేపటి నుంచి ముగ్గుల గోడ నువ్వే చెయ్యి తల్లీ’ అన్నాడు. అంతవరకూ ఆ గోడలు సీనియర్లవే. ఒకరిద్దరు గొణిగారు. ఆ అమ్మాయి గీసిన గోడ ముందు రెండు పాటలు తీశాక గొణుగుడు ఆగింది.

ఈమధ్య నన్ను ఎక్కువగా పచ్చరంగుతో నింపేస్తున్నారు. గ్రీన్ మ్యాట్ అంటారు. కంప్యూటర్లో ఆ పచ్చని తీసేసి రాజమహళ్లు పెడతారు. దానివల్ల సినిమాకు సాధ్యమైనవి చాలా ఉన్నాయి, కాదనను. అయితే ఆ పచ్చకు ఊరు లేదు. ఎవరి ఇంటి గోడ గురించీ అడగాల్సిన పని లేదు. మేస్త్రీ లాంటివాళ్లకు పనిరోజులు తగ్గుతున్నాయి.

ఆర్ట్ డైరెక్టర్లకు నాదొక విన్నపం. టైటిల్స్‌లో మీ పేరు కింద, గోడలకు రంగులు వేసినవాళ్ల పేర్లు కూడా వేయించండి, హెల్పర్లతో సహా. చూసేవాళ్లకూ ఒక మాట. సినిమా అయిపోగానే లేచి వెళ్లకండి. ఆ పేర్లు చదివేదాకా కూర్చోండి.