మందారానికి మర్యాదలు

పెరంబూరులో మందారం మొక్క కొనడం తేలికే. దాన్ని ఇరుగుపొరుగు ఆప్యాయత నుంచి కాపాడుకోవడమే కష్టం. మా ఫ్లాట్లలో ఒకరింట్లో కుండీ వెలిసిందంటే అది అందరి సొత్తే. పైయింటి నెల్లూరు పిన్నిగారు టీ వడగట్టిన పిప్పి తెచ్చి మొదట్లో కుమ్మరిస్తుంది. ఎదురింటి మామి అరటితొక్కలు నానేసిన నీళ్ళు పోస్తుంది. మా ఆవిడ వంతు బియ్యం కడుగు. సాయంత్రానికి ఆ మొక్క పండక్కి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా, వద్దనలేక, మింగలేక నిలబడి ఉంటుంది.

టీ పిప్పి సంగతి కాస్త చెప్పాలి. పిన్నిగారి టీ అంటే పాలూ పంచదారా దట్టించిన టీ. ఆ తీపికి చీమలొచ్చాయి. చీమలు ఊరికే కూర్చునే రకం కాదు. పిండినల్లిని మోసుకొచ్చి లేత చిగుళ్ళలో కాపురం పెట్టించి, అది వదిలే తియ్యటి జిగురు తాగుతూ కాపలా కాస్తాయి. వారం తిరిగేసరికి కొమ్మల చివర తెల్లటి పిండి పేరుకుంది, ఆకులు ముడుచుకున్నాయి, మొగ్గలు విచ్చకుండానే రాలాయి. "ఎరువు చాల్లేదమ్మా" అని పిన్నిగారు ఇంకో గుప్పెడు పిప్పి తెచ్చింది. సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి కొట్టే పని మాత్రం నాకొదిలేశారు.

పూలమొక్కకి ముందు కావలసింది ఎండ, తర్వాత నీళ్ళు, ఆఖరున ఎరువు. మనవాళ్ళు ఈ వరస తిరగేశారు. ఎరువు వంటింట్లో దొరుకుతుంది, ఎండ దొరకదు మరి. మందారానికి రోజూ ఐదారు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. మాది దక్షిణపు బాల్కనీ. మద్రాసు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మా నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. అగ్నినక్షత్రంలో ఊరంతా మాడిపోతుంటే మా కుండీలకి ఎండ కరువు! జనం మంకీ టోపీలు తగిలించుకునే డిసెంబరులో మాత్రం ఎండ నట్టింటి దాకా వస్తుంది.

నీళ్ళ విలువ మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2019లో చెరువులు ఎండిపోతే జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్ళు మోసుకుని జూలైలో మా పక్కనున్న విల్లివాక్కం చేరింది. 1955 నుంచి రైలుపెట్టెలు తయారుచేస్తున్న ఊరికి నీళ్ళు రైలెక్కి రావడం! ఆ కరువులో మందారాలు వాడిపోయాయి గానీ, కాగితంపూల మొక్క మాత్రం విరగబూసింది. దాని తత్వమే అంత. మట్టి బాగా ఆరితేనే పూత, రోజూ పోస్తే ఒట్టి ఆకులు. అడీనియం ఇంకా పెంకిది. లావుపాటి మొదట్లో నీళ్ళు దాచుకుంటుంది, ఐప్పసి వానల్లో వదిలేస్తే కుళ్ళి కూర్చుంటుంది. నూరువరహాలకి బోరునీళ్ళు గిట్టవు. అందులోని సున్నం వల్ల ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

అందుకే మెట్రోవాటర్ వచ్చిన రోజు మా ఆవిడ రెండు బిందెలు మొక్కల కోసం పక్కన పెడుతుంది. అందులో తెలుగుగంగ వాటా ఉందని ఆవిడ గర్వం. "కడియం నుంచొచ్చిన మొక్క కదండీ, పుట్టింటి నీళ్ళు" అంటుంది. కడియం గోదావరి సీమలో ఉంది, తెలుగుగంగలో వచ్చేది కృష్ణ అని గుర్తుచేశాను. "పక్కింటి నీళ్ళే లెండి" అంది. ఏ నీళ్ళయినా సరే, వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే మందారానికి పొయ్యాలి.

ఇక ఎరువు. నత్రజని ఎక్కువైతే మొక్క నిగనిగలాడుతుంది, పువ్వు మాత్రం ఇవ్వదు. నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు, ఓ చెంచాడు వేపపిండి, పూతకాలంలో కాస్త పొటాష్ పడితే చాలు. అదీ మట్టి తడిగా ఉన్నప్పుడే.

మిగిలింది ఎండ ఒక్కటే. అది మొట్టమాడి మీద కావలసినంత ఉంది గానీ, కుండీల కింద చెమ్మ దిగి శ్లాబు పాడవుతుందని అసోసియేషన్ కార్యదర్శి అడ్డుపడుతున్నాడు. కుండీల కింద ఇటుకలు పెడతాం, పళ్ళేలు పెడతాం, కావాలంటే రాసిస్తాం. ఆయనకి నచ్చజెప్పగల పెద్దమనుషులు ఎవరైనా ఉంటే ఓ నాలుగు కుండీలకి సరిపడా చోటు ఇప్పించండి.